కార్డెన్‌డెన్ నుంచి ఐబ్రాక్స్ దాకా: జాన్ థామ్సన్ నాలుగున్నరేళ్ళ ఆట వెంట అయిదు రోజులు

2025 సెప్టెంబర్ 3, బుధవారం: కార్డెన్‌డెన్

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా నుంచి ఫోర్త్ వంతెన దాటాక ఇన్వర్‌కీథింగ్ దగ్గర రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి డన్ఫర్మ్‌లిన్, కౌడెన్‌బీత్, లాక్‌గెల్లీల మీదుగా పాత బొగ్గు ఊళ్ళ గుండా పోతుంది. రెండోది సముద్రపు ఒడ్డు పట్టుకుని కర్కాల్డీ మీదుగా పోతుంది. థార్న్‌టన్ దగ్గర రెండూ కలుస్తాయి. గ్లాస్గోలోని సెల్టిక్ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ జాన్ థామ్సన్ పెరిగిన కార్డెన్‌డెన్ మొదటి దారిలో ఉంది. ఫైఫ్ జిల్లాకు వెళ్ళే రైలే కదా అని వచ్చినదాన్ని ఎక్కేస్తే సముద్రం వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి, ఒక్కోసారి మధ్యలో మారాల్సి వస్తుంది. కాబట్టి బోర్డు మీద డన్ఫర్మ్‌లిన్ పేరు చూసుకుని ఎక్కండి, గంట అటూ ఇటూగా దిగుతారు. ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 1 నుంచి స్కాట్‌రైల్ రద్దీ వేళల అదనపు ఛార్జీ తీసేసింది. ఇదివరకటిలా తొమ్మిది దాటేదాకా స్టేషన్‌లో కూర్చోనక్కరలేదు.

కార్డెన్‌డెన్ నిజానికి ఒక ఊరు కాదు. ఆక్టర్‌డెరన్, బౌహిల్, డండొనాల్డ్, కార్డెన్‌డెన్ అన్న పల్లెలు బొగ్గు బాయిల పుణ్యమా అని పెరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అందుకే ఊరు అడ్డంగా కాదు, పొడుగ్గా ఉంటుంది. స్టేషన్ ఒక కొసన ఉంటే మనం చూడాలనుకున్నది ఇంకో కొసన ఉంటుంది. మ్యాప్‌లో కార్డెన్‌డెన్ అని కొడితే ఊరి నడిబొడ్డుకు తీసుకెళ్ళి వదిలేస్తుంది. థామ్సన్ కోసం వచ్చినవాళ్ళు బౌహిల్ అని కొట్టాలి.

జాన్ థామ్సన్ 1909 జనవరి 28న కర్కాల్డీలో పుట్టాడు. పెరిగింది మాత్రం ఇక్కడే. తండ్రి గనిలో పనివాడు. పద్నాలుగేళ్ళకు కొడుకు కూడా బౌహిల్ బాయిలోకి దిగాడు. అతని పనిని చైన్ రన్నర్ అనేవాళ్ళు. బొగ్గు టబ్బులు వరసగా గొలుసులతో తగిలించి లాగుతుంటే, వాటి పక్కన పరుగెత్తుతూ గొలుసులు విప్పడం, తగిలించడం. చీకట్లో, కదిలే ఇనుము పక్కన, వేళ్ళు నలగకుండా చెయ్యాల్సిన పని. కన్నూ చెయ్యీ ఒక్కసారే కదలాలి. అతని చేతుల వేగం గురించి తర్వాత పత్రికలన్నీ రాశాయి. దానికి మొదటి బడి ఆ బాయే అని మా నమ్మకం.

ఆ గని 1965లో మూతపడింది. ఇప్పుడు వెతికినా బాయి గోపురం కనపడదు, నేల చదును చేసేశారు. మిగిలింది ఇళ్ళ వరసలే. పొడుగ్గా, ఒకే ఎత్తులో, వీధికి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య నడుస్తుంటే ఎదురుపడిన ప్రతి ఒక్కరూ పలకరిస్తారు. తెలియని మొహమైనా సరే తల చిన్నగా పక్కకు వంచి ఒక ముక్క అంటారు. అది ఫైఫ్ మర్యాద. తిరిగి అంతే చెయ్యాలి. ఆగిపోయి మాట కలిపితే మాత్రం కంగారు పడతారు. ఎందుకొచ్చారని వాళ్ళే అడిగాక థామ్సన్ పేరు చెబితే చాలు, దారి చెప్పడంతో సరిపెట్టరు, సగం దూరం వెంట వస్తారు. సమాధి చూపిస్తామన్నారు. అది చివరికి ఉంచుకున్నామని చెప్పాం.

మధ్యాహ్నం బేకరీలో తిన్న స్కాచ్ పై గురించి కొంచెం. అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బీ లాంటి గట్టి పిండి గోడ. పైమూత అంచు కంటే అర అంగుళం కిందికి ఉంటుంది, ఆ గుంతలో గ్రేవీ పోసుకుంటారు. లోపల మిరియాలు దట్టించిన మటన్ కీమా. ఇప్పుడు చాలాచోట్ల బీఫ్ కలుపుతున్నారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తీసుకోవాలి. మాంసం తినని వాళ్ళకు మాకరోనీ పై ఉంటుంది. అదే గోడ, లోపల చీజు మాకరోనీ. రెండు మూడు పౌండ్లలో కడుపు నిండుతుంది. మొదటి ముక్క కొరికేటప్పుడు నిలువుగా పట్టుకోవాలి. వంచితే వేడి కొవ్వు మణికట్టు మీదికి కారుతుంది.

సెప్టెంబర్ 4, గురువారం: లీవెన్, మెథిల్

థార్న్‌టన్ మీదుగా లీవెన్. ఈ లైను 1969లో మూసేశారు. యాభై అయిదేళ్ళ తర్వాత, 2024 జూన్‌లో మళ్ళీ తెరిచారు. అంతకుముందు ఇక్కడికి రావాలంటే బస్సే గతి. బస్సు ఎక్కేవాళ్ళు దిగే చోటు పేరు డ్రైవర్‌కి చెప్పి టికెట్ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర అతనికి వినపడేలా థాంక్స్ చెప్పాలి. బడి పిల్లలు కూడా మర్చిపోరు.

లీవెన్ స్టేషన్ నుంచి మెథిల్ రేవు నడిచి వెళ్ళొచ్చు. ఒకప్పుడు ఫైఫ్ బొగ్గంతా ఓడలెక్కిన రేవు ఇది. గాలి సముద్రం మీద నుంచి సూటిగా కొడుతుంది. గొడుగు వంకర తిరగడం తప్ప పనికిరాదు, టోపీ ఉన్న కోటు వేసుకోండి.

ఇక్కడికి ఎందుకు రావాలంటే, థామ్సన్ మొదట బౌహిల్ రోవర్స్‌కు ఆడి, తర్వాత ఇక్కడి వెల్స్‌లీ జూనియర్స్‌కు మారాడు. జూనియర్ అంటే పిల్లల జట్టు అనుకునేవాళ్ళు చాలామంది. స్కాట్లండ్‌లో అది వయసు కాదు, స్థాయి. పెద్ద లీగుకు కింద, గని ఊళ్ళ మధ్య జరిగే మోటు పోటీ. ముప్పై అయిదేళ్ళవాళ్ళు కూడా జూనియర్లే. పదిహేడేళ్ళ కుర్రాడు వాళ్ళ భుజాలకు ఎదురు నిలబడి నేర్చుకున్నాడు.

1926లో సెల్టిక్ తరఫున ఆటగాళ్ళను వెతికే స్టీవ్ కాలహాన్ ఒక మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. వెల్స్‌లీ మీద ఆడుతున్నది డెన్‌బీత్ స్టార్. ఆయన చూడ్డానికి వచ్చింది డెన్‌బీత్ కీపర్ని. తీసుకెళ్ళింది అవతలి గోల్‌లో ఉన్న కుర్రాణ్ణి. ఇచ్చింది పది పౌండ్లు. ఆ ఏడాది బొగ్గు ఊళ్ళు ఎలా ఉన్నాయో తెలిస్తేగాని ఆ పది పౌండ్ల బరువు అర్థం కాదు. మే నెలలో సార్వత్రిక సమ్మె తొమ్మిది రోజుల్లో ముగిసింది గాని, గని యజమానులు వేసిన తాళం నవంబర్ దాకా తియ్యలేదు. జీతాలు లేవు. గంజి కేంద్రాల ముందు వరసలు. ఆ ఆకలి నెలల్లో ఒక గని ఇంటికి ఫుట్‌బాల్ ద్వారా జీతం దారి తెరుచుకుంది.

రేవు పక్కనే ఈస్ట్ ఫైఫ్ జట్టు మైదానం ఉంది, గోడ దాటితే నీళ్ళే. ఈ చిన్న జట్టు రెండో డివిజన్‌లో ఉంటూనే 1927 స్కాటిష్ కప్ ఫైనల్‌కు వెళ్ళింది. ఎదురుగా సెల్టిక్. సెల్టిక్ గోల్‌లో పద్దెనిమిదేళ్ళ థామ్సన్. మూడు ఒకటి తేడాతో సెల్టిక్ గెలిచింది. సొంత జిల్లా జట్టు మీద, ఇంటి పక్కవాళ్ళ మీద అతనికి మొదటి పతకం.

సాయంత్రం ఫిష్ సప్పర్. సప్పర్ అంటే రాత్రి భోజనం అని కాదు, చేపతో పాటు చిప్స్ కూడా అని లెక్క. ఒట్టి ఫిష్ అంటే చేప ఒక్కటే కట్టిస్తారు. పది పన్నెండు పౌండ్లు అవుతుంది, ఒకటి ఇద్దరికి చాలు. కొన్ని దుకాణాల్లో వేయించేది బీఫ్ కొవ్వులో, అదీ అడగాలి. తూర్పు వైపు ఉప్పుతో పాటు సాస్ అని పల్చటి గోధుమరంగు పులుపు పోస్తారు. గ్లాస్గో వైపు వెళ్తే ఉప్పూ వెనిగరే. ఈ రెండిట్లో ఏది సరైనదని ఇక్కడివాళ్ళను అడగకండి, రైలు తప్పిపోతుంది. కర్కాల్డీ మీదుగా గ్లాస్గో చేరేసరికి రాత్రయింది. అన్నట్టు, కర్కాల్డీలో ల అక్షరం రాతకే గాని నోటికి లేదు. కర్‌కాడీ అంటేనే ఇక్కడివాళ్ళకు అర్థమవుతుంది.

సెప్టెంబర్ 5, శుక్రవారం: సెల్టిక్ పార్క్, ఐబ్రాక్స్, లాంగ్‌సైడ్

థామ్సన్ ఆఖరి మ్యాచ్ ఆడిన తేదీ ఇది. అది చూసుకునే ప్రయాణం వేసుకున్నాం.

గ్లాస్గోలో తిరిగేవాళ్ళకు మొదటి జాగ్రత్త బట్టల విషయం. ఆకుపచ్చ, నీలం రెండూ వేసుకోకండి. ఆకుపచ్చ సెల్టిక్‌ది, నీలం రేంజర్స్‌ది. ఆ రంగుల వెనక కాథలిక్, ప్రొటెస్టంట్ తేడాలు, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ చరిత్ర, నూరేళ్ళ పగలు ఉన్నాయి. ఏ జట్టు అని ఎవరైనా అడిగితే, ఊరు చూడ్డానికి వచ్చామని చెప్పడం మంచిది. థామ్సన్ ప్రొటెస్టంట్ కుటుంబంవాడు, ఆడింది సెల్టిక్‌కు. ఆ క్లబ్బు మతం చూసి ఆటగాళ్ళను తీసుకోలేదు, అతనూ చూసుకోలేదు.

సెల్టిక్ పార్క్‌కు సెంట్రల్ స్టేషన్ నుంచి డల్‌మార్నక్ దాకా రైలు, అక్కడి నుంచి నడక. స్టేడియం లోపలి యాత్ర వేళలు ముందే చూసుకోవాలి. అరవై వేలమంది పట్టే ఇప్పటి గోడల మధ్య థామ్సన్ కాలపు మట్టి గట్లను ఊహించుకోవడం కష్టం. కాబట్టి ఆటనే ఊహించుకోవాలి.

1927 ఫిబ్రవరి 12న డండీలో అతని మొదటి మ్యాచ్, సెల్టిక్ రెండు ఒకటితో గెలిచింది. మేనేజర్ విల్లీ మేలీ అప్పటిదాకా ఉన్న కీపర్ పీటర్ షెవ్లిన్‌ను పక్కనబెట్టి ఈ కుర్రాణ్ణి దింపాడు. తర్వాత ఎవరూ అతన్ని కదిలించలేకపోయారు. మొత్తం 188 మ్యాచ్‌లు, వాటిలో 64 సార్లు ఒక్క గోలూ ఇవ్వలేదు.

ఈ 64 ఎంత పెద్ద అంకో తెలియాలంటే 1925లో మారిన ఆఫ్‌సైడ్ నిబంధన తెలియాలి. అంతకుముందు బంతి అందుకునే ఫార్వర్డ్‌కు, అంటే గోల్ కొట్టడానికి ముందుకెళ్ళే ఆటగాడికి, గోల్ గీతకు మధ్య అవతలి జట్టువాళ్ళు ముగ్గురుండాలి. 1925 నుంచి ఇద్దరుంటే చాలన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు సాధారణంగా కీపరే. అంటే ఒక్క డిఫెండర్ని దాటితే ఫార్వర్డ్, కీపర్ ఎదురుబొదురు. గోల్స్ వరదలా వచ్చాయి. ఇంగ్లండ్‌లో డిక్సీ డీన్ ఒకే సీజన్‌లో 60 లీగ్ గోల్స్ కొట్టింది 1927-28లో. గీత మీద నిలబడి బంతి కోసం ఎదురుచూసే పాత కీపర్ల రోజులు చెల్లిపోయాయి. ముందుకొచ్చి, ఫార్వర్డ్ కాలు ఊపేలోపు బంతి మీద పడేవాడు కావాలి. థామ్సన్ ఆ కొత్త కాలపు కీపర్.

అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. కీపర్‌కి ఎక్కువ ఎత్తేం కాదు. గ్లవుజులు లేవు. అప్పటి బంతి తోలుది, పొడిగా ఉన్నప్పుడు 13 నుంచి 15 ఔన్సులు, అంటే 370 నుంచి 425 గ్రాములు. వానపడితే నీళ్ళు పీల్చి ఇంకా బరువెక్కుతుంది. కుట్టు మీద లేసు ముడి గట్టిగా ఉంటుంది, అది తగిలితే చర్మం చీరుతుంది. బంతి పట్టుకున్న కీపర్ని భుజంతో గుద్దడానికి ఫార్వర్డ్‌కు అనుమతి ఉండేది. ఇన్నిటి మధ్య థామ్సన్ గాల్లోకి లేచి, దిశ మార్చుకుని, బంతిని గుద్దకుండా వేళ్ళతో అందుకునేవాడని చూసినవాళ్ళు చెప్పారు.

కింద బంతికి మాత్రం ఒకటే మార్గం. ఫార్వర్డ్ కాళ్ళ మీదికి తల ముందుగా దూకడం. ఎందుకు తల ముందుగా? చేతులు బంతికి అన్నిటికంటే తొందరగా చేరేది అలాగే. పక్కకు తిరిగి పడితే గోల్ ఎక్కువ మూసుకుపోతుంది గాని, ఒక అర క్షణం ఆలస్యమవుతుంది. ఆ అర క్షణంలో బంతి దాటిపోతుంది. అతను ఆ అర క్షణం వదులుకోలేదు. 1930 ఫిబ్రవరిలో ఎయిర్‌డ్రీ జట్టు మీద అలా దూకినప్పుడే దవడ విరిగింది, పక్కటెముకలు విరిగాయి, మెడ కింది ఎముక దెబ్బతింది, రెండు పళ్ళు ఊడాయి. తల్లి ఆట మానెయ్యమంది. అతను మళ్ళీ వచ్చాడు, అలాగే దూకాడు. ఆ మేలోనే పారిస్‌లో స్కాట్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. మొత్తం నాలుగు ఆడి, ఒక్క గోల్ ఇచ్చాడు. 1931లో రెండోసారి స్కాటిష్ కప్ గెలిచాడు.

స్టేడియం బయట ఉదయం రోల్ అండ్ సాసేజ్ తిన్నాం. గ్లాస్గోలో సాసేజ్ గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటుంది. మెత్తటి బన్నులో పెట్టి ఇస్తారు, మూడు నాలుగు పౌండ్లు. చలికి బోవ్రిల్ అని వేడి పానీయం అమ్ముతారు. టీ రంగులోనే ఉంటుంది గాని అది గొడ్డుమాంసం సారం, తెలియక తాగకండి.

మధ్యాహ్నం సబ్‌వే, అంటే భూగర్భ రైలు ఎక్కి రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్. గ్లాస్గో సబ్‌వే 1896 నాటిది, పదిహేను స్టేషన్ల చిన్న వలయం. లోపలి చుట్టు, బయటి చుట్టు అని రెండు దిక్కులు. తప్పు దిక్కు ఎక్కినా ఇరవై నాలుగు నిమిషాల్లో వలయమంతా చుట్టి అక్కడికే వస్తారు. టికెట్ రెండు పౌండ్ల లోపే. బోగీ లోపల మనిషి నిలబడితే తల పైకప్పుకు దగ్గరగా ఉంటుంది, కూర్చోవడమే మేలు.

ఐబ్రాక్స్ స్టేషన్ నుంచి మైదానం నాలుగడుగులు. ఎర్ర ఇటుక మెయిన్ స్టాండ్ 1929 జనవరి 1న తెరిచారు, ఆర్చిబాల్డ్ లీచ్ కట్టింది. 1931 సెప్టెంబర్ 5 శనివారం మధ్యాహ్నాన్ని చూసిన గోడల్లో ఇప్పటికీ నిలబడి ఉన్నది అదే. దాని ఎదురుగా కాలిబాట మీద నిలబడితే చాలు. మూలన ఐబ్రాక్స్ దుర్ఘటనల స్మారకం ఉంది. 1971లో మెట్ల మీద నలిగిపోయిన 66 మంది పేర్లు, అంతకుముందు పోయినవాళ్ళవి. చదివేవాళ్ళు గొంతు తగ్గించి చదువుతారు.

1931లో ఆ రోజు సెల్టిక్, రేంజర్స్ మ్యాచ్‌కు 80 వేలమంది వచ్చారు. మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగం మొదలై అయిదు నిమిషాలు. రేంజర్స్ ఫార్వర్డ్ శామ్ ఇంగ్లిష్‌కు బంతి అందింది, ముందు ఎవరూ లేరు. షాట్ కోసం కాలు వెనక్కి తీశాడు. థామ్సన్ బయటికొచ్చి ఎప్పటిలాగే తల ముందుగా దూకాడు. తల ఇంగ్లిష్ మోకాలికి తగిలింది. న్యూస్‌రీల్‌లో ఆ క్షణం ఉంది. ఇద్దరిలో ఎవరికీ తప్పుకునే చోటు లేదని అది చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ వేగంలో కాలు వెనక్కి తీసుకున్నవాడు ఆపలేడు, దూకినవాడు ఆగలేడు.

ప్రమాదం మొదట కనిపెట్టింది ఇంగ్లిషే. కుంటుతూ లేచి, సాయం కోసం చేతులూపాడు. గోల్ వెనక జనం సంగతి తెలియక కేకలు పెడుతుంటే రేంజర్స్ కెప్టెన్ డేవిడ్ మీకల్‌జాన్ వాళ్ళ వైపు తిరిగి చేతులెత్తాడు. గోల చప్పున ఆగిపోయింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. మార్పు ఆటగాళ్ళు లేని కాలం కాబట్టి జట్టులోని చిక్ గీటన్స్ గోల్‌లో నిలబడ్డాడు. మ్యాచ్ సున్నా సున్నాతో ముగిసింది.

అక్కడి నుంచి లాంగ్‌సైడ్, థామ్సన్‌ను తీసుకెళ్ళిన ఆస్పత్రి ఉన్న చోటు. ఇక్కడ దారి తప్పడం చాలా తేలిక. విక్టోరియా ఆస్పత్రి అని అడిగితే ఇద్దరు రెండు వైపులకు పంపుతారు. పాత విక్టోరియా ఇన్‌ఫర్మరీ 2015లో మూతపడింది, రోగులను గోవన్‌లోని పెద్ద ఆస్పత్రికి మార్చారు, అది ఐబ్రాక్స్ వైపే. అందుకే కొందరు వచ్చిన దారినే వెనక్కి పంపుతారు. మ్యాప్ మాత్రం లాంగ్‌సైడ్‌లోనే ఉన్న న్యూ విక్టోరియాకు తీసుకెళ్తుంది, అదీ కాదు. 1568 యుద్ధానికి గుర్తుగా నిలబెట్టిన పొడుగాటి స్తంభం వెతుక్కోండి. దానికి ఎదురుగా ఉన్న పాత రాతి కట్టడమే. ఇప్పుడు అది ఇళ్ళ సముదాయం, బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి.

థామ్సన్ కపాలం మీద రెండు అంగుళాల వెడల్పున గుంతపడింది. కణత దగ్గర రక్తనాళం తెగింది. సాయంత్రం అయిదు గంటలకు మూర్ఛ వచ్చింది. మెదడు వాపు తగ్గించడానికి శస్త్రచికిత్స చేశారు. తల్లిదండ్రులు ఫైఫ్ నుంచి వచ్చి చేరారు. రాత్రి 9:25కు ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ళు.

సెప్టెంబర్ 6, శనివారం: హాంప్‌డెన్, యోకర్

ఉదయం మౌంట్ ఫ్లోరిడా స్టేషన్‌లో దిగి హాంప్‌డెన్ మైదానం. స్కాటిష్ ఫుట్‌బాల్ మ్యూజియం స్టాండ్ కిందే ఉంది. 1931 మార్చి 28న ఇంగ్లండ్‌ను రెండు గోల్స్‌తో ఓడించినప్పుడు, గోల్ ఇవ్వకుండా థామ్సన్ నిలబడింది ఈ మైదానంలోనే. 2008లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పాత తోలు బంతులు, బూట్ల అద్దాల పెట్టెల దగ్గర తొందరపడకండి. ఆ బూట్ల ముందు భాగం చెక్క లాగా గట్టిగా ఉంటుంది, మడమ పైదాకా తోలు. నిన్న చెప్పిన దెబ్బల లెక్క ఆ బూటు చూశాక గాని పూర్తిగా తెలియదు.

మధ్యాహ్నం ఎక్కువమంది వెళ్ళని చోటికి వెళ్ళాం. క్లైడ్ నది ఒడ్డున, పడమరగా, యోకర్. స్టేషన్ దగ్గరలో హోమ్ పార్క్ అనే చిన్న మైదానం. యోకర్ అథ్లెటిక్‌కు ఆడుతున్న శామ్ ఇంగ్లిష్‌ను 1931 వేసవిలో రేంజర్స్ తీసుకుంది. గేటు మూసి ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ళ మధ్య నుంచి గడ్డి కనిపిస్తుంది.

థామ్సన్ గురించి తెలిసినవాళ్ళలో సగంమంది ఇంగ్లిష్ దగ్గర ఆగరు. అది అన్యాయం. ఐర్లండ్‌లో పుట్టి డల్‌మ్యూర్‌లో పెరిగిన ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై మూడేళ్ళు, పెద్ద లీగులో మొదటి సీజన్. అదే సీజన్‌లో 44 లీగ్ గోల్స్ కొట్టాడు. రేంజర్స్ చరిత్రలో ఆ అంకె ఇంకా ఎవరూ దాటలేదు. విచారణలో ప్రమాదమేనని తేలింది. థామ్సన్ కుటుంబం కూడా అతన్ని తప్పుపట్టలేదు. కానీ మేలీ తన మాటల్లో అనుమానానికి కొంచెం చోటుంచాడు, మైదానాల్లో జనం దాన్ని వదల్లేదు. వెళ్ళిన ప్రతిచోటా హంతకుడన్న కేకలు. 1932లో లివర్‌పూల్‌కు వెళ్ళాడు, తర్వాత చిన్న క్లబ్బులు, 1938కల్లా ఆట ముగిసింది. ఆనందం లేని ఏడేళ్ళు అని తనే చెప్పుకున్నాడు. 1967లో మోటార్ న్యూరాన్ వ్యాధితో పోయాడు. 2009 నుంచి రేంజర్స్ తన ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే బహుమతికి అతని పేరు పెట్టింది.

1925 నిబంధన ఒకణ్ణి గొప్ప కీపర్ని చేసింది, ఒకణ్ణి గొప్ప స్కోరర్ని చేసింది. వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా తెచ్చిందీ అదే. విడివిడిగా చెబితే ఇద్దరి కథా తప్పుగానే వినపడుతుంది.

రాత్రి చిప్స్ దుకాణంలో పకోడీ. గ్లాస్గోలో చేపలమ్మే చోటే చికెన్ పకోడీ అమ్ముతారు, పక్కన గులాబీ రంగు పెరుగు చట్నీ. మనకు అలవాటైన కరకర ఉండదు, పిండి మందంగా ఉంటుంది.

సెప్టెంబర్ 7, ఆదివారం: మళ్ళీ కార్డెన్‌డెన్

1931 సెప్టెంబర్ 9న థామ్సన్ అంత్యక్రియలకు జనం వెళ్ళిన దారి ఇది. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆ రోజు 20 వేలమంది నిలబడ్డారు. ఎక్కడానికి కాదు, సాగనంపడానికి. మనకిప్పుడు నేరుగా రైలు లేదు. హేమార్కెట్‌లో దిగి మారాలి, ఎడిన్‌బరా వేవర్లీ దాకా పోతే వృథా. ఆదివారం ఫైఫ్ రైళ్ళు తక్కువ, తిరుగు రైలు సమయం కూడా ముందే రాసుకోవాలి. మారడానికి సమయం ఉంటే హేమార్కెట్ బయట గడియారపు స్తంభం చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన హార్ట్స్ జట్టు ఆటగాళ్ళ స్మారకం.

గ్లాస్గో నుంచి కార్డెన్‌డెన్ 55 మైళ్ళు. పని లేక, టికెట్ డబ్బు లేక కొందరు ఆ దూరం నడిచి వచ్చారు, రాత్రి ఊరి వెనక క్రెయిగ్స్ గుట్టల మీద పడుకున్నారు. స్టేషన్ వైపు నుంచి ఆ గుట్టలు కనపడతాయి. సెప్టెంబర్ మొదటి వారంలోనే తెల్లవారుజామున గడ్డి పాదాలు తడిపేస్తుంది. కంబళి లేకుండా అక్కడ పడుకోవడమంటే ఏమిటో ఒక్క అయిదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఆ రోజు ఈ చిన్న ఊళ్ళో 30 వేలమందికి పైగా చేరారు. తోటి ఆటగాళ్ళు ఆరుగురు పేటికను మోశారు.

బౌహిల్ శ్మశానం ఊరి అంచున ఉంది. సమాధి వెతకాల్సిన పని లేదు. ఆకుపచ్చ, తెలుపు మఫ్లర్లు దూరం నుంచే కనిపిస్తాయి. కొన్ని కొత్తవి, కొన్ని వానకు వెలిసి బూడిదరంగుకు తిరిగినవి. రాతి మీద ఒక వాక్యం చెక్కి ఉంది. ప్రేమించినవాళ్ళ గుండెల్లో ఉన్నవాళ్ళు చనిపోరని దాని భావం. మఫ్లర్ కట్టేవాళ్ళు పాతదాన్ని విప్పరు, దాని పక్కనే కడతారు. పూలు తెస్తే ప్లాస్టిక్ కాగితం తీసేసి పెట్టండి. గాలికి అది పక్క సమాధుల మీదికి ఎగురుతుంది, అవి కూడా ఎవరో ఒకరివే. చాలావరకు గని కుటుంబాలవి.

ఆ రాళ్ళ మీద తేదీలు చదువుతూ నడిస్తే ఇంకో లెక్క ఎదురవుతుంది. థామ్సన్‌ను ఇక్కడ పూడ్చిన 52 రోజులకు, 1931 అక్టోబర్ 31న, అతను గొలుసులు విప్పిన అదే బౌహిల్ బాయిలో పేలుడు జరిగింది. పదిమంది పోయారు. ఆటకు వెళ్ళకపోయి ఉంటే అతనూ ఆ షిఫ్టుల్లోనే ఉండేవాడు.

మధ్యాహ్నం దాటాక సన్నగా వాన మొదలైంది. ఒక నాయనమ్మ, ఎనిమిదేళ్ళ మనవడు వచ్చారు. వాడు తడిసిన మఫ్లర్ల ముడులు ఒక్కొక్కటీ పట్టి చూసి, వదులైనవి బిగించాడు. ఆమె గొడుగు పట్టుకుని నిలబడింది.